దివిసీమ దారిలో పూర్వపక్షం

గుడివాడ దాటి బందరు రోడ్డెక్కితే కంటికి ఆనేదంతా ఒకటే ఎత్తు. మాది జమ్మలమడుగు వైపు. అక్కడ ఏ దిక్కు చూసినా ఒక గుట్టో, నాపరాతి గనో, కనీసం రాళ్లు పేర్చిన గట్టో చూపుకు అడ్డం పడుతుంది. ఇక్కడ కుక్కను అదిలించడానికి వంగిన పిల్లాడి చేతికి మట్టిబెడ్డ దొరుకుతుంది గాని రాయి దొరకదు. కోతలైపోయిన రోజులవి. వరి కోయకముందే తడి చేలో చల్లిన మినుములు దుబ్బుల మధ్య ఆకులేసుకుని నిలబడ్డాయి. పాడి ఉన్న ప్రతి ఇంటి వెనకా గడ్డివామి. మిషన్లతో కోసిన చోట మాత్రం గడ్డి చేలోనే పడి ఉంది. ఎవరో దానికి నిప్పు పెట్టారు, పొగ కాలవ మీదుగా బద్ధకంగా సాగుతోంది.

ఆ చలికాలమంతా నేను చదువుతున్నది పదమూడో శతాబ్దపు ఇటలీ సన్యాసి థామస్ అక్వినాస్‌ని. విశ్వాసానికీ తర్కానికీ సంధి కుదర్చడానికి బతుకంతా ధారపోసిన మనిషి. ఆయన మహాగ్రంథం 'సుమ్మా థియలాజికా' పూర్తి కాలేదు. 1273 డిసెంబరు 6న నేపుల్స్‌లో పూజ ముగించుకొని వచ్చి కలం పక్కన పెట్టేశాడట. ఎందుకు ఆపావని సహచరుడు రెజినాల్డ్ అడిగితే, తనకు కనిపించినదాని ముందు ఇప్పటిదాకా రాసినదంతా వట్టి గడ్డిలా ఉందన్నాడని చెబుతారు. ఐరోపాలో ఈ మాటను మహావైరాగ్యంగా చెప్పుకుంటారు. గుడివాడ రైతుకు మాత్రం అది అంత వైరాగ్యంగా వినిపించదు. గేదెలున్న ఇంట్లో గడ్డి లేకపోతే ఏడాది గడవదు.

అక్వినాస్‌ని సంచిలో పెట్టుకొని ఇటే ఎందుకు వచ్చానంటే, తెలుగునాట దేవుడి మీద ఇంత పట్టుగా వాదులాడుకున్న నేల మరొకటి నాకు కనబడలేదు. మిషనరీలు, బ్రహ్మసమాజికులు, హేతువాదులు, నాస్తికులు అందరికీ ఇక్కడ అడ్రసులున్నాయి. అన్నీ ఒక పూట ప్రయాణంలో చుట్టిరాగల అడ్రసులే.

మొదటిది అంగలూరు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి 1887లో పుట్టిన ఊరు. రోడ్డు పక్క బడ్డీలో వేడి పునుగులు, పక్కన అల్లం పచ్చడి. మా వైపైతే ఉగ్గాని, బజ్జీ లేకుండా పొద్దు తెల్లారదు. ఇక్కడివాళ్లకు అల్లం పచ్చడి లేకుండా తెల్లారదు లాగుంది. కొత్త మనిషినని కనిపెట్టి బెంచీ మీద కూచున్న పెద్దాయన తనే పలకరించాడు. "కవిరాజు గారి కోసం వచ్చారా అండీ?" అని. వాళ్ల అమ్మానాన్నల పెళ్లి సంస్కృత మంత్రాలు లేకుండా, రామస్వామి రాసిన 'వివాహవిధి' ప్రకారం తెలుగులో జరిగిందట. ఆ మాట చెప్పేటప్పుడు కాస్త నిటారుగా కూచున్నాడు.

"మరి మీ ఇంట్లో ఇప్పుడు?" అన్నాను.

"మొన్న మనవరాలి పెళ్లికి ఇద్దరు పురోహితుల్ని పిలిచామండి. పైన డ్రోను కూడా తిరిగింది."

"అదేంటండీ?"

"వియ్యాలవారు ఒప్పుకోవద్దూ?" అని టీ గ్లాసు ఎత్తాడు.

రామస్వామిని పురాణాలను తిట్టినవాడిగానే మనం గుర్తుంచుకున్నాం. నాకైతే ఆయన పురాణాలను ఊరివాళ్లందరికంటే శ్రద్ధగా చదివినవాడు. 1920లో వచ్చిన 'శంబూకవధ' నాటకం గాని, 'సూతపురాణం' గాని రామాయణాన్నీ పురాణాలనీ పక్కకు నెట్టి రాసినవి కావు. వాటిలో మునిగి, వాటి ఛందస్సులోనే వాటిని నిలదీసి రాసినవి. పన్నెండో శతాబ్దపు పారిస్‌లో పీటర్ అబెలార్డ్ అనే మాస్టారు ఇలాంటి పనే చేశాడు. 158 ప్రశ్నలు తీసుకొని, ఒక్కో ప్రశ్నకు చర్చి పెద్దలు అవునన్న మాటలనూ కాదన్న మాటలనూ పక్కపక్కన పేర్చి, జవాబు చెప్పకుండా విద్యార్థులకు వదిలేశాడు. ఆయన నాస్తికుడు కాడు. ప్రశ్న లేకుండా విచారణ లేదని నమ్మిన క్రైస్తవుడు. అంతకు ముందే 1121లో సోయిసాన్ సభ ఆయన రాసిన వేరే పుస్తకాన్ని ఆయన చేతనే మంటలో వేయించింది. రామస్వామి పుస్తకాన్ని ఎవరూ ఆయన చేత తగలబెట్టించలేదు. ఇంగ్లీషు ప్రభుత్వం గొప్పో, మన బద్ధకం గొప్పో చెప్పలేను.

1910లో ఇదే ఊళ్లో పుట్టిన ఆయన కొడుకు గోపీచంద్ కథ ఇంకా చిక్కైనది. ప్రశ్నించడం తనకు నేర్పాడని తండ్రికి 'అసమర్థుని జీవయాత్ర' అంకితమిచ్చినవాడు, ఎం.ఎన్. రాయ్ శిష్యుడిగా రాడికల్ పార్టీలో పనిచేసినవాడు, చివరికి అరవిందుల దగ్గరికి చేరాడు. ఇటు హేతువాదులు ఇది పతనమంటారు, అటు భక్తులు ఇంటికి చేరాడంటారు. రెండు మాటల్లోనూ ఆయన మీద గెలుపు చాటుకోవాలన్న తొందరే ఎక్కువ. ఆయన తండ్రి నేర్పిన ప్రశ్నను వదల్లేదని నా అనుమానం. దాన్ని తండ్రి మీదకే తిప్పాడంతే.

గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. పెడనలో కలంకారీ బట్టలు కాలవ గట్టున ఆరేసి ఉన్నాయి. వాటిని తాకి చూడ్డానికి కూడా ఆగలేదు. పొద్దుగూకేలోపు బందరు చేరాలి.

బందరులో సముద్రం కనిపించదు. ఊళ్లో ఎంత తిరిగినా అది రేవు అనిపించదు. గోలకొండ సుల్తానుల కాలంలో పారశీక నౌకలు వచ్చిన చోటు, 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు కోఠీలు పెట్టుకున్న చోటు ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. సరుకులతో పాటు ఆలోచనలు కూడా ఓడలెక్కుతాయి. అక్వినాస్‌కి అరిస్టాటిల్ చేరిన దారి కూడా అలాంటిదే. గ్రీకు గ్రంథాలు అరబ్బీలోకి వెళ్లి, కోర్డోబాలో పుట్టిన ఇబ్న్ రుష్ద్ వంటి ముస్లిం పండితుల వ్యాఖ్యానాలతో లాటిన్‌లోకి వచ్చాయి. క్రైస్తవ పాఠశాలలో ఒక ముస్లిం వ్యాఖ్యానం పట్టుకొని, అన్యమతస్థుడైన గ్రీకువాణ్ణి చదవడం. ఆ కాలానికి అదెంత ధైర్యమో ఊహించుకోవచ్చు.

బందరుకు క్రైస్తవ బడి చదువు తెచ్చినవాడు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. కేంబ్రిడ్జిలో చదివి, 1841లో ఆక్స్‌ఫర్డువాడైన హెన్రీ ఫాక్స్‌తో కలిసి చర్చి మిషనరీ సొసైటీ తరఫున వచ్చాడు. 1843లో బడి పెట్టాడు. నోబుల్ కాలేజీ మూలం అదే. ఆ ఆవరణ చూపించడానికి నాతో వచ్చిన ఫిలాసఫీ మాస్టారు ముందే హెచ్చరించారు. "మీ అక్వినాస్ ఇక్కడ దిగలేదండోయ్. నోబుల్ దొర ప్రొటెస్టెంటు. ఆయనకు బైబిలుంటే చాలు, అరిస్టాటిల్‌తో పని లేదు." నిజమే. కాని నోబుల్‌కు కూడా తర్కం మీద ఒక నమ్మకం ఉంది. భూగోళం, ఖగోళం, గణితం చెబితే పాలసముద్రాలూ నెయ్యిసముద్రాలూ వాటంతట అవే ఇంకిపోతాయని, ఆ ఖాళీలోకి క్రీస్తు వస్తాడని ఆనాటి మిషనరీ బడుల ఆశ. ఆయన తరగతుల్లో బైబిలు కూడా పాఠమే.

1852లో ఆ ఆశ కొంత ఫలించింది. మంచాల రత్నం అనే బ్రాహ్మణ కుర్రాడు, అయినాల భూషణం అనే వెలమ కుర్రాడు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని లాక్కుపోయారు, బడి ఇంచుమించు ఖాళీ అయింది. తర్వాత మెల్లగా మళ్లీ నిండింది. ఇంగ్లీషు చదువు మీద ఆశ మతభయం కంటే ఎక్కువ కాలం నిలిచేదే కదా. అదే ఏడు బెజవాడలో కృష్ణకు అడ్డంగా ఆనకట్ట పని మొదలైంది. అది 1855కి పూర్తయి ఈ జిల్లా ముఖం మార్చేసింది. దాని వెనకున్న ఆర్థర్ కాటన్‌కూ క్రీస్తు భక్తి తక్కువేం కాదు. ఆయన మాత్రం ఎవర్నీ వాదనకు పిలవలేదు, నీళ్లు పారించాడు.

నోబుల్ గురించి ఒక్క విషయం మింగుడు పడదు. ఎదుటివాడి నమ్మకాన్ని తర్కానికి నిలబెట్టిన మనిషి, కులాన్ని మాత్రం తన గడప దగ్గర కదపలేదు. పై కులాల పిల్లలు రారన్న భయంతో కింది కులాలవాళ్లను బళ్లో చేర్చుకోలేదు. తోటి మిషనరీలే దీన్ని తప్పుబట్టారు. మాస్టారు దీనికి నవ్వారు. "తర్కం ఎక్కడ ఆగాలో మన సౌకర్యమే చెబుతుందండీ" అన్నారు. ఆయన రిటైరై చాలాకాలమైనా క్లాసు చెప్పే అలవాటు పోలేదు.

బందరు పుట్టుకతోనే వాదాల ఊరు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఇక్కడి హైస్కూల్లో తెలుగు పండితులు, విశ్వనాథ సత్యనారాయణ ఆయన శిష్యుడు. నోబుల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో రామస్వామి చౌదరి ఈ ఊళ్లో అవధానాలు చేశాడు. అవధానం ఎరిగిన మనకు మధ్యయుగపు పారిస్ అంత పరాయిగా తోచదు. అక్కడ ఏడాదికి రెండు విడతలు, క్రిస్మస్ ముందూ ఈస్టరు ముందూ, ఒక సభ జరిగేది. గురువు నడుమ కూచుంటే ఎవరైనా లేచి ఏ ప్రశ్నైనా వేయవచ్చు. అక్వినాస్ అలాంటి సభల్లో ఆరితేరాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్లు అక్కడా ఉండే ఉంటారు.

ఆ సభల పద్ధతే 'సుమ్మా'కు అచ్చు. అందులో అంశాలు 2600కు పైమాటే. ప్రతి అంశమూ ఎదుటి పక్షం వాదనతో మొదలవుతుంది. ఒకటి కాదు, రెండు, మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ తర్వాతే తన సిద్ధాంతం, చివర్న ఒక్కొక్కదానికి జవాబు. మన శాస్త్రాల్లో పూర్వపక్షం చేసే పని ఇదే. ఎదుటివాడు తన గురించి తాను చెప్పుకోగలిగిన దానికంటే బలంగా ముందు అతని మాట చెప్పాలి. విశ్వాసం, తర్కం ఒకే మూలం నుంచి వచ్చాయి గనక నిజంగా తగువు పడవని అక్వినాస్ నమ్మకం. దేవుడున్నాడన్నది తర్కంతో తేలుతుందన్నాడు. త్రిత్వం తేలదన్నాడు. లోకానికి ఒక ఆరంభం ఉందన్నది కూడా తర్కంతో రుజువు కాదు, నమ్మాల్సిందేనన్నాడు. ఇంత పట్టుదల గల భక్తుడు తన చేతిలోని ఆయుధం ఎందుకు పనికిరాదో తనే చెప్పడం నన్ను ఆపి కూచోబెట్టింది. ఆయన 1274 మార్చి 7న పోయాడు. సరిగ్గా మూడేళ్ల తర్వాత అదే తేదీన పారిస్ బిషప్పు ఎతియెన్ తాంపియే 219 ప్రతిపాదనలు నిషిద్ధమని ప్రకటించాడు. వాటిలో కొన్ని అక్వినాస్ మాటలకు దగ్గరగా ఉన్నవే. చర్చి నీడన పెరిగిన విశ్వవిద్యాలయం మీదే చర్చి కొరడా ఝళిపించింది. 1323లో మళ్లీ అదే చర్చి ఆయన్ను పునీతుణ్ణి చేసింది.

బందరు తాంపియేలు వేరే. ఊరివాడైన రఘుపతి వెంకటరత్నం నాయుడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, క్రైస్తవుడు కాకుండా బ్రహ్మసమాజికుడై తిరిగొచ్చి నోబుల్ కాలేజీలోనే పాఠాలు చెప్పాడు. అది సజావుగానే సాగింది. అసలు పరీక్ష నాస్తికుడు గోరాతో వచ్చింది. దేవుడు లేడన్నందుకు కాకినాడలో 1933లో ఉద్యోగం పోయింది. బందరు హిందూ కాలేజీలో చేరాడు. బోటనీ మాస్టారు. అక్కడా కొన్నేళ్లకు అదే మాటకు అదే శాస్తి. 1940లో ముదునూరు వెళ్లి నాస్తిక కేంద్రం పెట్టుకున్నాడు. ఆయనకు దక్కిన అసలైన శ్రోత ఏ కాలేజీలోనూ లేడు, సేవాగ్రామంలో ఉన్నాడు. గాంధీ ఈ నాస్తికుణ్ణి పిలిపించి, వాదించి, విన్నాడు. గోరా కూతురు మనోరమకూ దళితుడైన అర్జునరావుకూ తన ఆశ్రమంలో పెళ్లి చేస్తానని, ఆ తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెబుతానని ఒప్పుకున్నాడు. పెళ్లి నాటికి ఆయన లేడు. 1948 మార్చి 13న సేవాగ్రామంలోనే అది జరిగింది. ఎదుటివాడి కోసం తన తంతులో ఒక్క పేరు మార్చుకోవడం, ఎదుటివాడి పేరు హాజరుపట్టీలోంచి కొట్టేయడం. ఈ రెంటిలో భక్తి ఎటుందో నాకు అనుమానం లేదు.

మర్నాడు పొద్దున్నే ఫిలాసఫీ మాస్టారు లడ్డూ దుకాణం వెనక్కి తీసుకెళ్లారు. శనగపిండి కారప్పూసలా నేతిలోకి వత్తి తీసి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లంపాకం పోసి మళ్లీ దంచుతున్నారు. ఇద్దరు మనుషులు, ఎదురెదురుగా రెండు రోకళ్లు. ఒకడిది లేస్తే ఒకడిది పడుతోంది. మాటల్లేవు. తొక్కుడు లడ్డూ నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పని లేదు, అదే జారిపోతుంది. మా సీమలో అరిసె నమిలి పెరిగినవాడికి ఇది కొంచెం మరీ సుకుమారం. రెండోది తిన్నాక అభిప్రాయం మార్చుకున్నాను.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీద ఆక్విడక్టు. కింద నది, పైన కాలవ. దివిసీమ పొలాలన్నీ నది మీదుగా వచ్చే ఈ నీటి చలవే. దాని దాపునే 1977 ఉప్పెన మృతుల స్మారక స్తూపం. ఆ నవంబరు 19, శనివారం. సముద్రం ఐదు మీటర్లకు పైగా లేచి, మైళ్ల కొద్దీ ఊళ్ల మీదికి వచ్చింది. సర్కారు లెక్కకే పదివేల దాకా మరణాలు. ఇక్కడివాళ్లు ఆ లెక్క వింటే తల అడ్డంగా ఊపుతారు. అంతకు ముందు 1864 నవంబరు 1న ఇలాంటి అలే బందరును ముంచింది. అప్పుడు పోయినవాళ్లు ముప్పైవేల మంది.

స్తూపం గద్దె మీద ఒక మేకపిల్ల ఎండ కాగుతోంది. అక్కడే కూచుని నేను 'సుమ్మా'లో దేవుడున్నాడా అన్న అంశం తీశాను. పద్ధతి ప్రకారం ముందు లేడనే వాదన. రెండే రెండు అభ్యంతరాలు పెడతాడు అక్వినాస్. ఒకటి: అపారమైన మంచి అనేది నిజంగా ఉంటే చెడుకు చోటుండకూడదు, కాని ఉంది. రెండు: జరిగేవాటికి ప్రకృతి, మనిషి సంకల్పం కారణాలుగా సరిపోతుంటే ఇంకొకరిని ఊహించడం దేనికి? దాదాపు ఏడువందల ఏళ్ల తర్వాత గోరా అయినా వీటికి కొత్తగా కలపగలిగింది కొద్దే. రెండో అభ్యంతరం ఈ నేల మీద ఇంకా పదును తేలుతుంది. ఉప్పెన ఎందుకొస్తుందో మనకు తెలుసు. తీరం దగ్గర లోతులేని బంగాళాఖాతం, తుపాను తోసుకొచ్చే నీరు, సముద్రమట్టానికి మూరెడెత్తు లేని డెల్టా. ఇందులో పాపం ఊసు లేదు, శాపం ఊసు లేదు.

మొదటిదానికి ఆయన జవాబు ఆగస్టీన్ నుంచి తెచ్చుకున్నది. చెడు నుంచి కూడా మంచి తీయగల సమర్థుడు గనకే దేవుడు చెడును రానిస్తాడని. రెండు మూడు వాక్యాలతో సరి. మిగతా చోట్ల ఎంత ఓపికగా విప్పుతాడో ఎరిగినవాణ్ణి గనక ఇక్కడ ఆ తొందర నచ్చలేదు. ఈ గద్దె మీద కూచుంటే ఆ పుటలో బలమంతా పూర్వపక్షానిదే. అలా బలంగా ఉండనిచ్చిందీ ఆయనే అన్నది నేను కాదనలేను. చిన్న వాదన పెట్టి సులువుగా గెలవచ్చు, గెలవలేదు.

కోడూరు దాటాక చెరువులే చెరువులు. వరి పోయి రొయ్య వచ్చింది. హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి. కాకి స్నానం చేసి హంసై లేచిందని ఇక్కడి కథ. మాఘ పౌర్ణమికి జనం సాగరసంగమంలో మునకలేస్తారు. గుడిని దేవతలు ఒక్క రాత్రిలో కట్టారని, కోడి కూయడంతో గోపురం అసంపూర్తిగా వదిలేశారని అర్చకుడి ఇంటి కుర్రాడు చెప్పాడు. ఇంజనీరింగు చదువుతున్నాడట. "నువ్వు నమ్ముతావా?" అంటే "గోపురం సంగతైతే బడ్జెట్ అయిపోయుంటది సార్" అని, గుళ్లోకి వెళ్లేముందు చెప్పులు విడిచి కాళ్లు కడుక్కున్నాడు.

పాలకాయతిప్పలో ఒకావిడ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. ఉప్పెన నాటికి చిన్నపిల్ల. ఇద్దరు అన్నలు పోయారు. ఎదురుగా స్తంభాల మీద తుపాను షెల్టరు. ఉప్పెన తర్వాత ఈ సీమకు చర్చి సంస్థలూ వచ్చాయి, రామకృష్ణ మిషనూ వచ్చింది. దేవుడి విషయంలో ఏకీభవించనివాళ్లంతా సిమెంటు విషయంలో ఏకీభవించారు.

"అప్పుడు దేవుడి మీద కోపం రాలేదామ్మా?" అడగకూడదనుకుంటూనే అడిగాను.

"వచ్చింది బాబూ. మా నాయన నాలుగేళ్లు గుడి మొకం చూడలా. తర్వాత ఎల్లాడు. ఎందుకెల్లాడో ఆయన చెప్పలా, మేం అడగలా."

భోజనం వాళ్లింట్లోనే పెట్టింది. వద్దన్నకొద్దీ కసిరింది. చేపల పులుసు, ముతక బియ్యపు అన్నం. పులుసులో మా వైపు వేసేంత కారం లేదు, పులుపు మాత్రం చెవులు దాటింది. తింటుంటే షెల్టరు సంగతి ఎత్తాను. ఇప్పుడు ఫోన్లకు ముందే మెసేజీ వస్తుంది కదా, అందరూ వెళతారా అని.

"కుర్రోళ్లు ఎల్తారు. ముసలోళ్లు కదలరు. గొడ్లను ఇప్పి వదిలిపెట్టి ఎట్టా ఎల్తాం? ఎల్లినా తాళం ఎవరి దగ్గరుందో తెలవదు. ఒకసారి పాస్టరు గారి దగ్గరన్నారు, ఒకసారి మాస్టారి దగ్గరన్నారు. పైన నీళ్లు రావు. ఆడోళ్లకి బాత్రూం తలుపు ఊడిపోయి రెండేళ్లయింది. రెండు రాత్రులు అక్కడుండమంటే ఎట్టా ఉంటాం, నువ్వే చెప్పు. మొన్న ఎవరో వచ్చి ఫొటోలు తీసుకుపోయారు. తలుపు రాలా. నువ్వేమన్నా పేపరోళ్ల మనిషివా?"

కాదన్నాను.

"అయితే ఇంకొంచెం పులుసు ఎయ్యించుకో" అంది.